కొంగుముడి కాసులతో లేచిన బడి



పిల్లవాడు చదువు నిమిత్తము పొరుగూరికి పయనమైననాడు మన యిండ్లలో జరుగు తంతు మీకందరకును తెలిసినదే. తల్లి పెరుగన్నము మూటగట్టును. తండ్రి జాగ్రత్తలు చెప్పును. బండి కదలబోవు వేళకు నాయనమ్మయో, పొరుగింటి పిన్నిగారో వెనుకనుండి వచ్చి, కొంగుముడి విప్పి, అందున్న చిన్నకాసు నొకదానిని వాని గుప్పిట పెట్టి, "దారిలో ఏమైనా కొనుక్కో నాయనా" అనును. ఆ కాసు ఏ పద్దులోనికిని ఎక్కదు. ఇచ్చిన ఆమె వ్రాసి యుంచుకొనదు. పుచ్చుకొన్నవాడు పెద్దవాడై మరచిపోవును.

ఈ మాసమున మేము మీకు పరిచయము చేయదలచిన వాస్తుశిల్పి అట్టి కాసులను మరువనివారు. వారు నిర్మించిన భవనములను గూర్చి చెప్పుటకు ముందు ఆ కాసుల సంగతి చెప్పవలసియున్నది. ఏలయన, ఆ భవనములకు మొదటి పునాదిరాయి అక్కడనే పడినది.

ఆఫ్రికా ఖండపు పశ్చిమభాగమున బుర్కినా ఫాసో అను దేశము కలదు. దానికి సముద్రతీరము లేదు. ఫ్రెంచివారి పాలననుండి 1960లో విముక్తమై, 1984 వరకు అప్పర్ వోల్టా అను పేరున వ్యవహరింపబడినది. ఆ దేశమున గాండో అను పల్లెయందు, గ్రామపెద్దకు జ్యేష్ఠపుత్రుడుగా, 1965లో డీబేడో ఫ్రాన్సిస్ కెరే గారు జన్మించిరి. ఆ కాలమున గాండోలో విద్యుద్దీపములు లేవు, మంచినీటి వసతి లేదు, బడియు లేదు. కుమారునకు అక్షరజ్ఞానము కలుగవలెనని తండ్రి అతనిని ఏడవయేటనే టెంకోడోగో పట్టణమునకు, బంధువు ఇంటికి పంపెను. ఆ పల్లెనుండి బడికిపోయిన మొదటి బిడ్డ అతడే.

సెలవులలో బాలుడు ఇంటికి వచ్చెడివాడు. సెలవులు ముగిసి తిరిగి పోవునప్పుడు ఇంటింటికిని వెళ్లి సెలవు తీసికొనవలెను. అది ఆ యూరి మర్యాద. అట్లు వెళ్లినప్పుడు ప్రతి ఇల్లాలును తన వస్త్రమున దాచుకొన్న చివరి కాసును తీసి అతని చేతిలో పెట్టెడిది. ఇందరు తల్లులకు తనపై ఇంత ప్రేమ యేలనో ఆ పసివానికి తెలియక, ఒకనాడు తన తల్లిని అడిగెను. నీ చదువునకై వారందరును తమ వంతు ఇచ్చుచున్నారు, నీవు ప్రయోజకుడవై తిరిగివచ్చి ఈ ఊరి బ్రతుకును బాగుచేయుదువని వారి ఆశ, అని ఆమె బదులు చెప్పినదట. కెరే గారు పెద్దవారై దేశదేశముల సభలలో మాటలాడునపుడు సైతము ఈ సంగతిని చెప్పుకొనుచు వచ్చిరి.

ఆ పట్టణపు బడిలో వారికి మిగిలిన జ్ఞాపకము మాత్రము మధురమైనది కాదు. సిమెంటు దిమ్మల గోడలు, వెలుతురు చొరని గది, అందులో నూరుమందికి మించిన పిల్లలు, ఊపిరి సలుపని ఉక్క! ఎన్నటికైనను ఇంతకంటె మంచి బడిని కట్టవలెనని ఆ బాలుడు అప్పుడే తలపోసెను. మరియొక జ్ఞాపకమును గూడ వారు చెప్పుదురు: సందెవేళ చిరుదీపపు వెలుగున అవ్వ కథ చెప్పుచుండ, పిల్లలందరు ఒకరినొకరు హత్తుకొని కూర్చుండెడివారు, ఆమె కంఠస్వరము ఆ గదిని ఒక ఒడివలె చేసెడిది. ఇల్లనగా నేమో తమకు మొట్టమొదట తెలిసినది అప్పుడేనని వారి మాట. వాస్తుశాస్త్రమున వారికి తొలిగురువు ఒక ముసలమ్మయే అని మేమన్నచో అతిశయోక్తి కాదు.

1985లో వడ్రంగము నేర్చుటకై విద్యార్థివేతనముపై కెరే గారు జర్మనీకి పోయిరి. పగలు కొయ్యపని, రాత్రి చదువు. 1995లో బెర్లిను సాంకేతిక విశ్వవిద్యాలయమున ప్రవేశించి, 2004లో వాస్తుశిల్పిగా పట్టమును పొందిరి. అయితే పట్టము చేతికి వచ్చువరకును వారు ఆగియుండలేదు. 1998లో, విద్యార్థిగా నుండగనే, గాండోలో బడి కట్టుటకై ఒక సంస్థను స్థాపించిరి. సొమ్ము ఎక్కడిది? కాఫీకిని, సిగరెట్టులకును పెట్టు ఖర్చులో కొంత తగ్గించుకొని తమ యూరి బడికి ఇండని తోడి విద్యార్థులను అడిగిరి. పల్లెతల్లుల కాసుల చేత చదివినవారు బడికి గూడ కాసులనే కూడబెట్టిరన్నమాట.

సొమ్ము కొంత చేరిన పిమ్మట వారు గాండోకు వచ్చి, బడిని మట్టితో కట్టెదమనిరి. ఊరివారి ముఖములు చిన్నబోయినవి. ఐరోపాకు పోయి చదివినవాడు గాజును సిమెంటును తెచ్చి పట్టణపు మేడను నిలుపునని ఎదురుచూచిన వారికి, మరల ఆ మట్టియేనా అనిపించుట సహజమే కదా! మట్టిగోడ ఒక్క వానకాలమునకు నిలువదని వారు వాదించిరి.

సోదరీమణులారా, ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదని మీరే ఎరుగుదురు. మట్టియిల్లు చల్లగా నుండునని పొగడువారు పెక్కుమంది కలరు గాని, ఏటేట వాన వెలిసిన వెనుక కరిగిన గోడకు మట్టి మెత్తువారు ఎవరు? పేడనీటితో నేల అలుకువారు ఎవరు? ఇంటి ఆడుదే కదా! మట్టి యింటి చల్లదనమును అందరు అనుభవింతురు. దాని చాకిరి మాత్రము ఒకరిదే. కావున మట్టితో కట్టెదమను శిల్పి ఎవరైనను మొదట ఈ ప్రశ్నకు బదులు చెప్పవలెను. కెరే గారు చెప్పిన బదులే గాండో ప్రాథమిక పాఠశాల. అది 2001లో పూర్తియైనది.

ఆ బదులు ఎట్టిదో వివరింతము. స్థానికమైన మట్టిలో కొద్దిపాటి సిమెంటును కలిపి, చేతితో నడుపు యంత్రమున గట్టిగా అదిమి దిమ్మలు చేయించిరి. అట్టి దిమ్మ పచ్చిమట్టివలె వానకు కరిగిపోదు. గోడకు వాన తగులకుండ చూరును మిక్కిలి వెడల్పుగా ముందునకు చాచిరి. మట్టికి శత్రువు నీరు. ఆ నీటిని దూరముగా నుంచిన మట్టి తరతరములు నిలుచును. ఊరివారి అనుమానము తీరుటకు మట్టితో ఒక కమానును కట్టించి, దానిపైకి ఎక్కి గంతులు వేసి చూపిరి. కమాను చెక్కుచెదరలేదు. అప్పటినుండి ఊరంతయు పనిలోనికి దిగెను.

పైకప్పు సంగతి మన గృహిణులందరు శ్రద్ధగా వినదగినది. ఆ దేశమున ఎండ నలుబది డిగ్రీలు దాటును. రేకు కప్పిన యిల్లు అచ్చట రొట్టె కాల్చు పొయ్యివంటిది. అయినను వానను ఆపుటకు రేకును మించిన చౌకవస్తువు లేదు. అందుచేత కెరే గారు రేకును మానలేదు. దాని చోటును మాత్రము మార్చిరి. గదిపై మొదట మట్టి దిమ్మలతోనే కప్పు వేసి, గాలి పోవుటకు అందు సందులుంచిరి. సన్నని ఇనుప కడ్డీలను అతికించి ఒక చట్రమును చేయించి, దానిపై రేకును ఎత్తుగా నిలిపిరి. గొడుగు తలకు అంటుకొని యుండదు కదా. అట్లే ఆ రేకు గది కప్పునకు అంటుకొనక పైన నిలిచియుండును. రెంటి నడుమ గాలి స్వేచ్ఛగా వీచును. గదిలోని వేడిగాలి పైసందులనుండి పోవగా, కిటికీలగుండ చల్లగాలి లోనికి వచ్చును. విద్యుచ్ఛక్తి అక్కర లేదు, విసనకఱ్ఱయు అక్కర లేదు. ఆ చట్రమును చేయుటకు కావలసినది ఒక రంపమును, చిన్న అతుకు యంత్రమును మాత్రమే. పెద్ద యంత్రములు ఆ పల్లెకు ఎట్లును రాజాలవు.

ఇక పనిచేసినవారు ఎవరు? పునాదికి రాళ్లను పిల్లలు మోసి తెచ్చిరి. దిమ్మలకు నీటిని స్త్రీలు దూరమునుండి తెచ్చిరి. పురుషులు దిమ్మలు చేయుట, గోడ లేపుట నేర్చిరి; ఆ నేర్చినపని పిదప వారికి జీవనాధారమైనది. నేల మాత్రము స్త్రీల విద్య. మట్టిని పరచి, నీరు చిలుకరించి, కొయ్యలతో గంటల తరబడి మోదిరి. మనవారు దిమ్మిసతో నేలను గట్టిపరచుట వంటిదే అది. పిమ్మట నున్నని రాళ్లను చేతబట్టి, వంగి కూర్చుండి, మరల గంటల తరబడి పాముచు వచ్చిరి. తుదకు ఆ నేల పసిబిడ్డ యొడలివలె నున్ననై మెరిసెను. బెర్లినులోని ఏ ఆచార్యుడును ఈ విద్యను నేర్పలేదు. తల్లినుండి కూతురికి వచ్చిన చేతిపని అది. కెరే గారి గొప్పతనమెల్ల దానిని విద్యయే అని గుర్తించి, శిల్పమున చోటిచ్చుటలో నున్నదని మేము తలంచుచున్నాము.

2004లో ఈ చిన్న పాఠశాలకు ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారము లభించెను. అదే యేట వారికి పట్టమును వచ్చినది! నూటయిరువదిమంది పిల్లలకని కట్టిన బడి చాలక, 2008లో దానిని విస్తరింపవలసివచ్చెను. కాలక్రమమున అందు చదువువారి సంఖ్య 700 వరకు పెరిగినది. ఉపాధ్యాయులకు ఇండ్లు, పిదప గ్రంథాలయము వెలసినవి.

ఆ గ్రంథాలయపు కప్పును గూర్చి చెప్పకుండ ముందునకు పోజాలము. ఊరి స్త్రీలు తమ చేత చేసిన మట్టికుండలను మోసికొని వచ్చిరి. వాని మూతిని అడుగును కోసి, గొట్టములవలె చేసి, కప్పు వేయునప్పుడు అందు నిలిపిరి. ఆ రంధ్రములగుండ వెలుతురు గుండ్రని చుక్కలుగా నేలపై పడును, వేడిగాలి పైకి పోవును. మన వంటింటి మూలనుండు కుండ ఒకటి గ్రంథాలయమునకు గవాక్షమగునని ఎవరు ఊహింతురు? ఆ నీడపట్టున ఒక బాలిక పుస్తకము విప్పునప్పుడు, ఆ వెలుతురు తన తల్లి కుండలోనుండి వచ్చుచున్నదని ఆమెకు తెలియును.

గాండో ఒక్కటియే కాదు. ఆ దేశపు రాజధానియగు ఊగడూగుకు సమీపమున లావొంగో అను చోట, క్రిస్టోఫ్ ష్లింగెన్‌సీఫ్ అను జర్మను నాటక చలనచిత్ర దర్శకుడు సంకల్పించిన కళాగ్రామము కలదు. ఆయన 2010లో మరణించినను పని ఆగలేదు. అందులో 2014లో కెరే గారు ఒక వైద్యశాలను కట్టిరి. దంతవైద్యము, సామాన్య వైద్యములతోపాటు స్త్రీల వ్యాధులకును పురుడులకును అందు ప్రత్యేక విభాగము కలదు. ఆ గోడలకు కిటికీలు ఒకే వరుసలో ఉండవు. ఒకటి ఎత్తున, ఒకటి నడుమ, ఒకటి నేలకు చేరువగా చిందరవందరగా కానవచ్చును. చూచినవారు తాపీవాని పొరపాటనుకొందురేమో! కాని అది లోతైన ఆలోచన. నిలిచియున్నవానికి ఒక కిటికీ, కూర్చున్నవానికి ఒకటి, మంచమున పడుకొన్నవానికి మరియొకటి. పురిటిమంచముపై పదిదినములు గోడను చూచుచు గడపిన మీలో ప్రతి యొక్కరికిని ఆ క్రింది కిటికీ విలువ ఎంతటిదో మేము వేరుగ చెప్పనక్కరలేదు. కట్టువాడు నిలిచి కట్టును. పడుకొన్న మనిషి కన్నులతో చూచి కట్టుట అరుదు.

కుడుగూ పట్టణమున 2016లో కట్టిన ఉన్నత పాఠశాల వారి మరియొక కీర్తి. తొమ్మిది కట్టడములు ఒక ముంగిలి చుట్టును గాలిదుమారము చొరకుండ వలయముగా నిలిచియుండును. మన మండువా యింటి నడిమి ముంగిలి వంటిదే ఆ ఏర్పాటు. గోడలకు అక్కడి ఎర్రరాతిని వాడిరి. అది భూమిలో మెత్తగా నుండి సులభముగా కోతకు వచ్చును, గాలి సోకిన పిదప గట్టిపడును. గోడల ముందు నీలగిరి కఱ్ఱల దడి కలదు. ఈ చెట్టు భూమిలోని నీటిని పీల్చివేయునని, వంటచెరకునకు తప్ప పనికిరాదని అచ్చట చులకన. ఆ చులకనైన కఱ్ఱయే ఇచ్చట పిల్లలకు నీడనిచ్చుచున్నది. పైకప్పునకు వాడగా మిగిలిన ఇనుముతో బల్లలు చేయించిరి. మిగిలిన అన్నముతో పులిహోర కలుపు ఇల్లాలికి ఈ పొదుపు క్రొత్త కాదు.

కెన్యా దేశమున తుర్కానా ప్రాంతమందు 2021లో యువజనుల శిక్షణకై కట్టిన ఆవరణమున ఎత్తైన గోపురములవంటివి ఆకాశమునకు లేచియుండును. అచ్చటి నేలపై చెదలు పెట్టు పెద్దపుట్టలను చూచి వానిని రూపొందించిరి. వేడిగాలి ఆ గొట్టములగుండ పైకి పోవును, క్రిందినుండి చల్లగాలి వచ్చును. నాగులచవితినాడు పుట్టకు పాలుపోయు మనము దానిని కట్టిన పురుగు నేర్పును ఎన్నడైన తలచితిమా?

2017లో లండను నగరపు కెన్సింగ్టను ఉద్యానమున ఒక వేసవికాలమునకై వారు నిర్మించిన మంటపమును గూడ పేర్కొనవలెను. పల్లెజనులు చేరి మాటలాడుకొను చెట్టు నీడయే దానికి మూలము. చెట్టుకొమ్మలవలె కప్పు చుట్టును విచ్చుకొని, వాననీటిని నడుమకు చేర్చి ధారగా దించును. గోడలకు పండుగనాటి వస్త్రముల నీలిరంగు. ఊరినుండి కాసులు పుచ్చుకొని పోయినవాడు, ఆ ఊరి చెట్టునీడను మహానగరమునకు తీసికొనిపోయెను.

2022లో వారికి ప్రిట్జకర్ పురస్కారము వచ్చెను. వాస్తుశిల్పులకు లోకమున దానిని మించిన గౌరవము లేదు. ఆఫ్రికా ఖండమున జన్మించిన నల్లజాతివారిలో దానిని పొందిన మొదటివారు వీరే.

ఇంతయు వినిన పిదప, "ఈ దూరదేశపు కథ మాకేల?" అని మీలో ఎవరైన అడుగవచ్చును. మా ఇంటి సంగతిని చెప్పి బదులిచ్చెదము. మా పెద్దల మట్టిగోడల యింటిని పడగొట్టి, దానిచోట సిమెంటు కప్పుతో క్రొత్తయిల్లు కట్టుకొంటిమి. పాతయింటిని అలుకు చాకిరి తప్పినందుకు మేము సంతసించితిమి; ఆ సంతోషమును నేటికిని దాచము. కాని వేసవి వచ్చినంతనే కప్పు పగలెల్ల ఎండను త్రాగి రాత్రియెల్ల మాపై క్రక్కుచున్నది. వంటయింటి కిటికీ పడమటి యెండకు ఎదురుగా నున్నది. మధ్యాహ్నము పొయ్యి వేడి ఒకవైపు, కిటికీ వేడి ఒకవైపు. కట్టునప్పుడు మేస్త్రి మమ్ము అడుగలేదు, మగవారు అడుగలేదు. అంతకంటె చెప్పదగినది, మేమును నోరు తెరచి అడుగలేదు. ఇల్లు కట్టుట మనది కాని పని అనుకొంటిమి. ఇప్పుడు ప్రతి వేసవిని ఆ మౌనమునకు వెల చెల్లించుచున్నాము.

అందరును మరల మట్టియిండ్లకు పోవలెనని మేము చెప్పుట లేదు. చాకిరి నెత్తిన వేయు చల్లదనము మనకు వలదు. కాని గాండో బడి చెప్పు మాట వేరు: చల్లదనమునకును, చాకిరికిని ముడి విప్పవచ్చును, అట్లు విప్పుటకు తెలివి కావలెను గాని విశేషధనము అక్కరలేదు. చూరు రెండడుగులు ముందునకు చాచుట, ఎండకు కాగు కప్పుపై కొంత యెడమిచ్చి మరియొక నీడను నిలుపుట, వేడిగాలి పోవుటకు గోడ పైభాగమున సందులుంచుట, పడుకొనుచోట క్రిందుగా ఒక చిన్న కిటికీ పెట్టుట, ఇవి ఏ యింటికైన సాధ్యములే. మీ యింట కట్టుబడి జరుగుచున్నచో, గోడ లేవకమునుపే ఒక మధ్యాహ్నము ఆ స్థలమున నిలువుడు. ఎండ ఎటు వచ్చుచున్నదో, గాలి ఎటు వీచుచున్నదో చూడుడు. పొయ్యి ఎచ్చట, నీటితొట్టి ఎచ్చట, బాలింత మంచము ఎచ్చట అను సంగతులను మేస్త్రితో మీరే మాటలాడుడు. దినములో అధికభాగము ఆ గోడల నడుమ గడపువారు మీరే. మీ మాటకు చోటులేని ఇంట మీ యొడలికిని సుఖముండదు.

కడపట మరల ఆ కాసుల మాట. గాండోలోని ఆ తల్లులు తమ చివరికాసు ఇచ్చినపుడు బడిని చూడలేదు, పురస్కారములను ఊహింపలేదు. చేతికందిన బిడ్డ చదువుకొనవలెనని మాత్రమే తలచిరి. ఆ బిడ్డ తిరిగివచ్చి వారికి పెద్దమేడను కానుకగా పంపలేదు; వారి మట్టిని, వారి కుండలను, వారి చేతిపనిని గౌరవించి, వారిచేతనే బడిని కట్టించెను. వారు తట్టి, మోది, పామి నున్నచేసిన నేలపై వారి మనుమలును మనుమరాండ్రును కూర్చుండి అక్షరములు దిద్దిరి. వచ్చు వేసవి సెలవుల పిదప మీ వీథిలోని పిల్లవాడో, పిల్లయో చదువునకు పయనమైనపుడు, కొంగుముడి విప్పుటకు వెనుదీయకుడు.